పై వరస మనిషి

హావోద్ లూయిద్
1962 జూన్ 11, సోమవారం

నెస్తాకు,

మూడు రోజులుగా వాన. కొండ కనిపించడం లేదు. ఉన్ని తడిసి ఉంది కనక కత్తిరింపులు అన్ని ఇళ్ళకీ వెనక్కి జరిగాయి. మన వంతు జులై మూడుకి పడింది. ఊరికే కూర్చోవడం ఎందుకని దొడ్డిలో ఉన్న ముసలి గొర్రెల గిట్టలు చెక్కాను. నిన్నటికి నలభై అయ్యాయి. చెక్కినవాటిని మైలుతుత్తం తొట్టిలోంచి నడిపించాను. కుక్క మోట్‌కి ఆ నీళ్ళ వాసన పడదు. గేటు అవతల కూర్చుని నన్ను తిట్టుకుంటున్నట్టు చూస్తుంది.

ఈస్టరు తరవాత నీకు రాయలేదు. నువ్వూ రాయలేదు. ఇప్పుడు చిన్న పని పడి రాస్తున్నాను.

ఎడమ మడమ నొప్పిగా ఉంటోంది. గొర్రెలు ఈనే రోజుల్లో మొదలైంది. పొద్దున మంచం దిగి కాలు పెడితే కింద రాయి ఉన్నట్టుంటుంది. పది అడుగులు వేస్తే సర్దుకుంటుంది. సాయంత్రానికి మళ్ళీ మామూలే. బూటు లోపల పెట్టుకునే మెత్తలు మీ దగ్గర ఉంటాయన్నావు కదా. ఒక జత పంపు. అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

మొన్న చాపెల్ మెట్ల మీద పక్క పొలం తీన్‌ఫ్రీద్ ఎమ్రిస్ నా నడక చూసి, "కుంటే గొర్రెని మనం ముందు సంతకి తోలతాం కదా లౌరి" అన్నాడు. పళ్ళూడిన పొట్టేలుని అంతకంటే ముందు తోలతామని చెప్పాను. అందరూ నవ్వారు, ఆయన కూడా. కానీ ఆయన కొడుక్కి శీతాకాలంలో పెళ్ళి. వాళ్ళకో ఇల్లు, పొలం కావాలి. పక్కన ఉన్నది మన పొలమే.

మీ అన్నయ్య పోయినప్పటి నుంచి ఎస్టేటు వాళ్ళు కౌలు నా పేరున ఏడాదికేడాది రాస్తున్నారు, నేను చేసుకోగలిగినన్నాళ్ళూ అని. మేనేజరు సెప్టెంబరు ఆఖరున వస్తాడు. చేసుకోగలగడం అంటే ఇక్కడ ఏమిటో ఈ ఇంట్లో పుట్టినదానివి నీకు చెప్పక్కర్లేదు. మంద దించే రోజున కొండ పంచుకున్న మూడు ఇళ్ళ నుంచి ఇంటికొక మనిషి, ఒక కుక్క. కొండకి అడ్డంగా మూడు వరసల్లో నడుస్తూ గొర్రెల్ని కిందికి తోలాలి, మన ఇంటిది పై వరస. మీ నాన్న నడిచాడు, మీ అన్నయ్య నడిచాడు, నాలుగేళ్ళుగా నేను నడుస్తున్నాను. మనిషి రాని ఇంటిని ఎస్టేటు ఎన్నాళ్ళు ఉంచుతుంది?

మెత్తలు కొంచెం పెద్దవి పంపు. కత్తిరించుకుంటాను.

లౌరి


లివర్‌పూల్
జూన్ 16

వదినా,

మెత్తలు రెండు జతలు పంపుతున్నాను. మడమ కింద మందంగా ఉన్న వైపు వెనక్కి రావాలి.

నువ్వు రాసినదాన్ని బట్టి అరికాలి కింద ఉండే పట్టీ మడమకి అంటుకున్న చోట బెణికింది. రేవు కూలీలు, నర్సులు, బస్సు కండక్టర్లు, నిలబడి బతికేవాళ్ళందరూ ఇదే నొప్పితో నా దగ్గరికి వస్తారు. పొద్దున మంచం దిగే ముందు తువ్వాలు పాదానికి వేసి నీ వైపుకి లాగు, పిక్క బిగుసుకునేదాకా. సాయంత్రం చన్నీళ్ళ సీసా నేల మీద పెట్టి అరికాలితో దొర్లించు. పాత బూట్లు అన్నయ్యవి వేసుకుంటున్నావేమో, అవి మానెయ్.

ఇంకో రెండు సంగతులు అడుగుతాను. కళ్ళు మూసుకుని, ఎవరిచేతనైనా కాలివేళ్ళ మీద దూదితో తాకించుకో. ఏ వేలు తాకారో చెప్పగలుగుతున్నావా? నీళ్ళు ఎక్కువ తాగుతున్నావా? మాటిమాటికీ బయటికి వెళ్ళాల్సి వస్తోందా? అందరినీ అడిగే ప్రశ్నలే ఇవి.

మన ఇంట్లో ఎవరూ ఇంకొకళ్ళ పాదాలు ఒళ్ళో పెట్టుకుని బతకలేదని ఈస్టరుకి అన్నావు. కాబట్టి నన్ను చూడనివ్వమని అడగను. సంత ఊళ్ళో రెండు వారాలకొక గురువారం చాపెల్ వెనక గదిలో నాలాగే పాదాలు చూసే ఆవిడ వస్తుంది. చదువుకున్న మనిషి. ఆవిడకి చూపించు. ఏమందో నాకు రాయి.

నెస్తా


హావోద్ లూయిద్
జులై 14

నెస్తాకు,

కత్తిరింపు మూడో తేదీనే అయింది. ఎండ కాసింది. పద్దెనిమిది మంది వచ్చారు. బల్లలు రెండు చోట్ల వేశాను. మాంసం, ముల్లంగి, బియ్యం పాయసం. పాయసం అడుగంటిందని ఎమ్రిస్ అన్నాడు, మూడుసార్లు పెట్టించుకున్నాక. పొద్దున ఐదు నుంచి చీకటి పడేదాకా నిలబడ్డాను. మెత్తలు బాగున్నాయి.

మిగతా రోజులు మిగతా ఇళ్ళకి వెళ్ళాను. వాళ్ళు మనకి వచ్చారు, మనం వాళ్ళకి వెళ్ళాలి. అందుకని నువ్వు చెప్పిన గురువారం ఒకటి తప్పింది. మొన్న గురువారం వెళ్ళాను. పెద్దగా ఏమీ లేదన్నారు.

దూదితో తాకించుకోవడానికి ఇక్కడ నేనూ మోటూ తప్ప ఎవరూ లేరు. దానికి దూది ఇస్తే మింగుతుంది. నీళ్ళు తాగుతున్నాను. గడ్డి కోసే ఎండలో ఎవరు తాగరు? వేసవి కదా, కొంచెం చిక్కాను. మీ అన్నయ్య బెల్టుకి ఇంకో కన్నం పొడిచాను.

మడమ అంచున చిన్న పగులు వచ్చింది. తారు పూశాను. మూసుకుపోతుంది.

లౌరి


లివర్‌పూల్
జులై 20

వదినా,

చూసిన మనిషి ఏమీ లేదందంటే నాకు కాస్త స్థిమితంగా ఉంది. ఆవిడ నీ మేజోడు విప్పించి, రెండు పాదాలూ చేత్తో పట్టుకుని చూసిందా? పేరేమిటి?

తారు గొర్రెలకి. పగులు ఉన్న చోట వెన్న రాసి, తారు మెత్తబడ్డాక గోరువెచ్చని సబ్బునీళ్ళతో తీసెయ్. శుభ్రమైన గుడ్డ కట్టు. కత్తి మాత్రం పెట్టకు. ఒక్క గీత కూడా పెట్టకు. ఆ పనికి నేను మూడేళ్ళు నేర్చుకున్నాను, ఇప్పటికీ వెలుతురు చాలకపోతే చెయ్యను.

ఊళ్ళో నర్సు బెరిల్ ఉంది కదా, వారానికోసారి కట్టు చూడమను.

నెస్తా


హావోద్ లూయిద్
ఆగస్టు 19, ఆదివారం

నెస్తాకు,

గడ్డి అంతా కొట్టంలోకి చేరింది. చివరి బండి శుక్రవారం వచ్చింది, శనివారం వాన మొదలైంది. ఈ ఏడు మనకి కలిసొచ్చింది.

నీకో మంచి కబురు. మడమ నొప్పి పోయింది. పది రోజులైంది. పొద్దున లేచి కాలు పెడితే రాయీ లేదు, ఏమీ లేదు. ఎలా పోయిందో రాస్తాను, మీ చదువులో ఇది ఉందో లేదో చూసుకో.

పగులు మూసుకోలేదు. చుట్టూ చర్మం గట్టిపడి కొమ్ములా అయింది. గొర్రె గిట్ట ఇలాగే అయితే ఏం చేస్తాం? గాలి తగిలేదాకా చెక్కుతాం. మీ అన్నయ్య కత్తి సానపెట్టి, మరిగే నీళ్ళలో ముంచి, వెలుతురు చాలలేదని నువ్వనకుండా పట్టపగలే గుమ్మంలో కూర్చుని చెక్కాను. ఏమీ నొప్పి లేదు. మెత్తగా ఎర్రగా కనిపించేదాకా చెక్కాను. తరవాత మైలుతుత్తం నీళ్ళలో పావుగంట పెట్టాను, గొర్రెలకి కలిపే పాళ్ళలోనే. మంట కూడా లేదు. మళ్ళీ తారు. రోజు విడిచి రోజు ఇలా చేస్తున్నాను. ఎనిమిదేళ్ళలో కాలి కుళ్ళుతో మన మందలో ఒక్క గొర్రె పోలేదు. ఈ సంగతి ఎస్టేటు మేనేజరే ఒప్పుకున్నాడు.

ఇంకో తమాషా. బుధవారం కంచె బాగు చేసి వచ్చి బూటు విప్పితే లోపల వంపు మేకు ఒకటి. తీగ బిగించడానికి కొట్టేది. పొద్దుటి నుంచి దాని మీదే నడిచాను, తెలియనే లేదు. నీ మెత్త అంత మంచిది. దానికి రెండు కన్నాలు పడ్డాయి, ఇంకో జత పంపు.

బెరిల్‌ని పిలవలేదు. ఆవిడ సైకిలు ఒక ఇంటి ముందు ఆగితే సాయంత్రానికి మూడు చాపెళ్ళకి తెలుస్తుంది.

లౌరి


లివర్‌పూల్
ఆగస్టు 22

వదినా,

నీ ఉత్తరం ఇప్పుడే చేరింది. నొప్పి పోయిందంటే కాలు బాగుపడిందని కాదు. కాలికి తెలివి పోయిందని. మంచి కాలు మేకు మీద ఒక్క అడుగు కూడా వెయ్యనివ్వదు.

కత్తి, మైలుతుత్తం, తారు ఈ క్షణం నుంచి ఆపు. బూటు వేసుకోకు. నడవకు. రేపే డాక్టరుని పిలిపించు. చూసిందన్న ఆవిడ ఏం చూసిందో నాకు అర్థం కావడం లేదు, ఆవిడ పేరు నువ్వింకా రాయలేదు.

నేను శనివారం మొదటి బస్సుకి వస్తున్నాను. అడగకుండానే వస్తున్నాను. తలుపు వేసుకుంటే కిటికీ ఎలా తెరవాలో ఆ ఇంట్లో పుట్టినదాన్ని, నాకు తెలుసు.

నెస్తా


హావోద్ లూయిద్
ఆగస్టు 30

నెస్తాకు,

నువ్వు వెళ్ళినప్పటి నుంచి రోజుకి రెండుసార్లు కట్టు మారుస్తున్నాను, నువ్వు చూపించినట్టే. పాలు పితికేటప్పుడు తప్ప కాలు స్టూలు మీదే ఉంటోంది. పంచదార మానేశాను. రొట్టె తగ్గించాను.

చక్కెర జబ్బు ఉందో లేదో చూడ్డానికి నువ్వు తెచ్చిన మాత్ర ఇంకా కళ్ళ ముందే ఉంది. గాజు గొట్టంలో నా నీళ్ళు పోసి మాత్ర వేస్తే నీలం పోయి ఇటుక రంగు తిరిగింది. అందులోనూ మైలుతుత్తమే ఉందని నువ్వన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. నువ్వు నవ్వలేదు.

ఆ రోజు వంటింట్లో అనుకున్న మాట మళ్ళీ రాస్తున్నాను, తరవాత నేను మాట తప్పానని నువ్వనుకోకూడదు. సెప్టెంబరు పద్దెనిమిదిన మంద దింపుతారు. పందొమ్మిదిన నేను డాక్టరు దగ్గరికి వెళ్తాను, ఆసుపత్రి అంటే ఆసుపత్రికి వెళ్తాను. మేనేజరు వచ్చేసరికి ఈ ఇంటి మనిషి కొండ నడిచిందని పుస్తకంలో ఉంటుంది. ఆ తరవాత మంచం మీద ఉన్నా ఏడాదిదాకా ఎవరూ నన్ను కదపలేరు. మూడు వారాలు. నువ్వు వద్దన్నావు, వద్దన్నావు, చివరికి ఊరుకున్నావు. నీకిది మంచి పని కాదని తెలుసు. నీ అన్న పొలం, నీ పుట్టిల్లు కూడా అనే ఊరుకున్నావని నాకూ తెలుసు.

బస్సెక్కేటప్పుడు నావైపు చూడకుండా ఎక్కావు.

లౌరి


లివర్‌పూల్
సెప్టెంబరు 3

వదినా,

నేను నీ మాట వినకుండా ఉండాల్సింది. నా దగ్గరికి వచ్చే ఏ మనిషికైనా అలాంటి పుండు ఉంటే అదే గంటలో ఆసుపత్రికి పంపేదాన్ని. నీకు మూడు వారాలు ఇచ్చాను.

మీ డాక్టరుకి అంతా వివరంగా ఉత్తరం రాసి నా సొరుగులో పెట్టాను. నువ్వు ఒప్పుకుంటే పోస్టు చేస్తాను. ఒక్క ముక్క రాయి చాలు.

కట్టు మీద మరక పచ్చగా అయినా, వాసన వచ్చినా, కాలు పైకి ఎర్రబడినా పద్దెనిమిదిదాకా ఆగకు. ఈ మూడింట్లో ఏ ఒక్కటైనా.

నెస్తా


హావోద్ లూయిద్
సెప్టెంబరు 10

నెస్తాకు,

వాన, గాలి. పొట్టేళ్ళని వేరు చేశాను. కాలు అలాగే ఉంది. ఆ ఉత్తరం సొరుగులోనే ఉంచు.

లౌరి


లివర్‌పూల్, పెద్దాసుపత్రి, ఆడవాళ్ళ వార్డు
అక్టోబరు 2

నెస్తాకు,

పెన్సిలుతో రాస్తున్నాను, సిరా ఒలికితే దుప్పటి పాడవుతుందని ఇవ్వరు. నీ ఊళ్ళో నేను, నా ఇంట్లో నువ్వు. ఆవుని ముందు ఎడమ వైపు నుంచి పలకరించాలి, లేకపోతే తన్నుతుంది.

నువ్వు నీ పని మానుకుని అక్కడికి వెళ్ళే ముందు ఆ రోజు ఏం జరిగిందని అడిగావు. మంచం పక్కన నర్సు నిలబడి ఉంటే చెప్పలేకపోయాను. ఆవిడకి మన భాష రాదు, అయినా.

పద్దెనిమిదో తేదీ పొగమంచు. గేటు దగ్గర ముగ్గురం కలిశాం, నేను, ఎమ్రిస్, మూడో ఇంటి ముసలి రీస్. ఎమ్రిస్ నా కాలివైపు చూసి, "పై వరస నేను నడుస్తాను, నువ్వు కింద గేటు పట్టుకో" అన్నాడు. నాకది పొలం ఇచ్చెయ్యమన్నట్టే వినిపించింది. "గేటు నీ కోడలు పట్టుకుంటుందిలే, వచ్చాక" అన్నాను. ఆయన గేటు తీశాడు.

మోట్ పని చెయ్యలేదు. ముందుకి వెళ్ళమంటే పది గజాలు వెళ్ళి తిరిగొచ్చేది. నా ఎడమ బూటు దగ్గర ముక్కు పెట్టి నిలబడేది. రెండుసార్లు కర్రతో అదిలించాను. ఎనిమిదేళ్ళలో దాన్ని కర్రతో అదిలించడం అదే మొదలు. చివరికి దాన్ని వదిలేసి నేనే కేకలు వేసుకుంటూ నడిచాను. గొర్రెలు కేకకే కదిలాయి. నొప్పి లేదు. నాలుగు గంటలు నడిచాను, నొప్పి లేదు. పై వరసలో ఒక్క గొర్రె వెనకబడలేదు.

కింద దొడ్డి దగ్గర లెక్క పెడుతుంటే ఎమ్రిస్ నా పక్కకి వచ్చి ఆగిపోయాడు. "లౌరి, కూర్చో" అన్నాడు. "ఈ వాసన నాకు గొర్రెల్లో తెలుసు." కూర్చున్నాను. బూటు రాలేదు. నా దగ్గరున్న మీ అన్నయ్య కత్తి తీసుకుని పైనుంచి కిందికి కోశాడు. రీస్ పక్కకి తిరిగి వాంతి చేసుకున్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, చచ్చిన గొర్రెల్ని చేత్తో ఎత్తేవాడు.

నన్ను ట్రాక్టరు వెనక గడ్డి మోపుల మీద పడుకోబెట్టి రోడ్డుదాకా తెచ్చారు. దారిలో ఎమ్రిస్ వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "నువ్వు రాకపోయినా మీ వరస నేను నడిచేవాణ్ణే. నువ్వు నడిచావనే చెప్పేవాణ్ణి మేనేజరుతో. ఒక్క మాట అడిగితే సరిపోయేది."

ఇంకొకటి రాయాలి. జులైలో గురువారం వెళ్ళాననీ ఏమీ లేదన్నారనీ రాశాను. వెళ్ళిన మాట నిజం. గోడ వెంబడి బెంచీ వేసి పది మందిని కూర్చోబెట్టారు. నా పక్కన పాస్టరుగారి భార్య, తెల్లటి మేజోళ్ళు. అందరి ముందే విప్పాలి. నా కాలికి తారు ఉంది. ఆ వైద్యురాలు ఇంగ్లీషులో ఏదో అడిగింది. నాకు గొర్రెల సంతలో మాట్లాడే ఇంగ్లీషే వచ్చు. ధర చెప్పడం, పళ్ళు చూపించడం. మెత్తలు కొనుక్కోవడానికి వచ్చానని చెప్పి లేచి వచ్చేశాను. మేజోడు విప్పనే లేదు. ఆవిడ తప్పేమీ లేదు, ఆవిడ మీద ఎవరికైనా రాసి ఉంటే వెనక్కి తీసుకో.

మోకాలి కింద నుంచి తీసేశారని నీకు తెలుసు. పొద్దున్నే ఆ మడమ నొప్పెడుతుంది. రాయి మీద పెట్టినట్టు, జూన్‌లో రాశాను చూడు, అచ్చం అలాగే. నర్సుకి చెబితే "డియర్" అని దుప్పటి సర్దింది.

మేనేజరు వచ్చాడా?

లౌరి


హావోద్ లూయిద్
అక్టోబరు 10

వదినా,

నిన్నటి నుంచి పొడిగా ఉంది. ఆడ గొర్రెపిల్లల్ని శీతాకాలం మేతకి కిందికి పంపడానికి వేరు చేశాం. ఆవు ఒకసారి తన్నింది.

మేనేజరు సెప్టెంబరు ఇరవై తొమ్మిదినే వచ్చాడు. నీకు కాస్త బలం వచ్చాక రాద్దామని ఆగాను. పొయ్యి దగ్గర కూర్చుని పుస్తకం తెరిచాడు. ఎమ్రిస్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడే చెప్పాడు, హావోద్ లూయిద్ మనిషి పై వరస నడిచింది, ఒక్క గొర్రె వెనకబడలేదు అని. మేనేజరు రాసుకున్నాడు. తరవాత, ఇప్పుడు ఆమె ఎక్కడుంది అని నన్ను అడిగాడు. చెప్పాను. ఏ కాలు అని అడిగాడు. అదీ చెప్పాను. కలం మూత పెట్టేశాడు. నవంబరు పదమూడు నుంచి కౌలు ఎమ్రిస్ కొడుకు పేర. ఎమ్రిస్ అడగలేదు వదినా, నేనక్కడే ఉన్నాను. ఇస్తామంటే కాదనలేదు, అంతే.

నువ్వు గురువారం సంగతి రాశావు కనక నాదీ రాస్తాను. ఈస్టరు సోమవారం నువ్వు పొయ్యి ముందు మేజోళ్ళు ఆరబెట్టుకుంటూ టీ పోస్తున్నావు. నిప్పు కణిక ఒకటి జారి నీ ఎడమ కాలి చిటికెన వేలికి ఆనుకుని పడింది. నువ్వు మాట్లాడుతూనే ఉన్నావు. చర్మం కమిలిన వాసన నాకు వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, దాని అర్థం అప్పటికప్పుడే తెలిసింది. స్పర్శ పోవడం వేళ్ళ దగ్గర మొదలవుతుంది, మెల్లగా మడమదాకా వస్తుంది. కానీ అంతకు ఐదు నిమిషాల ముందే నువ్వు నా పని గురించి ఆ మాట అన్నావు. నీ అంతట నువ్వే వచ్చి అడగాలని అనుకున్నాను. పటకారుతో కణిక తీసి పొయ్యిలో వేశాను. ఏమీ అనలేదు.

జూన్‌లో దూది గురించి అడిగింది అందుకే. అందరినీ అడుగుతానని రాశాను. అందరినీ అడగను.

నెస్తా


లివర్‌పూల్, పెద్దాసుపత్రి
అక్టోబరు 17

నెస్తాకు,

కర్రలతో కిటికీదాకా వెళ్ళొచ్చాను. అవతల గోడ ఉంది.

కణిక నువ్వు తియ్యడం చూశాను. వేలి మీద బొబ్బ సాయంత్రం చూసుకున్నాను. నువ్వు ఉన్న ఆ రెండు రోజులూ అడుగుతావేమోనని చూశాను. అడిగితే చూపించేదాన్నో లేదో చెప్పలేను. దాని గురించి మళ్ళీ రాయకు. మనిద్దరం ఇక ఒకే ఇంట్లో ఉండాలి. నీ ఇంట్లో మెట్లు ఎన్ని?

మందని విడదియ్యొద్దు. ఆ కొండ తెలిసిన గొర్రెలవి, వేరే చోట నిలవవు. పొలంతోపాటు ఎమ్రిస్ కొడుక్కే ఇవ్వు. బాగా ముసలివి పన్నెండు ఉన్నాయి, చెవికి రెండు గాట్లున్నవి. వాటి ముందరి గిట్టలు వంకర. రెండు నెలలకోసారి చెక్కాలని చెప్పు. మీ అన్నయ్య కత్తి ఎమ్రిస్‌కి ఇవ్వు. ఎలాగూ ఆయన చేతిలోనే ఉంది.

మోట్ పట్నంలో ఉండదు. తీన్‌ఫ్రీద్‌కి వెళ్తే రోజూ కొండ ఎక్కుతుంది. కర్రతో అదిలించిన సంగతి ఎమ్రిస్‌కి తెలుసు, ఆ రోజు తప్పు దానిది కాదని చెప్పు.

తారు డబ్బా కొట్టంలో ఎడమ వైపు అరలో ఉంది. అది పారబోసెయ్.

లౌరి


హావోద్ లూయిద్
నవంబరు 13, మంగళవారం

వదినా,

పొద్దున గట్టి మంచు పడింది, గాలి లేదు. తొట్టి కడిగి బోర్లించాను. పొయ్యి ఆర్పి బూడిద ఎత్తాను. వంటింటి నేల తుడిచాను. తాళంచెవి ఎమ్రిస్ కొత్త కోడలికి ఇవ్వాలి, పన్నెండింటికి వస్తామన్నారు. నేనుండను, కిటికీ గట్టున పెడుతున్నాను. ఆ అమ్మాయి పేరు మాయ్‌ర్. నిన్న వచ్చి గుమ్మంలోంచే చూసి వెళ్ళింది, నువ్వు ఇంకా లోపల ఉన్నట్టు.

మెట్లు పదకొండు. కింది గదిలో నా పని సామాను ఉండేది. వడ్రంగిని పెట్టి అది ఖాళీ చేయించాను. మంచం అక్కడ వేస్తాను. ఆ గదిలో వెలుతురు బాగుంటుంది. నీ కుడి కాలు నేను వారం వారం చూస్తాను. ఒళ్ళో పెట్టుకునే చూస్తాను.

నీ దుస్తులు, బైబిలు, గడియారం తెస్తున్నాను. కుడి బూటు కూడా. ఎడమది లేదు.

ఆడ గొర్రెపిల్లలు అక్టోబరు ముప్ఫైన కిందికి వెళ్ళాయి. ఆవు గురువారం రీస్ ఇంటికి వెళ్ళింది. కోళ్ళు శనివారం. మోట్ ఆదివారం చాపెల్ అయ్యాక ఎమ్రిస్‌తో వెళ్ళింది. సోమవారం పొద్దున తిరిగొచ్చింది, మళ్ళీ తీసుకెళ్ళాడు. మంద కొండ మీదే ఉంది. నేను ఈ రోజు పది గంటల బస్సుకి.

నెస్తా